రెండు చక్రాలపై ఎంత బరువు?

ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830 మే నెలలో చెన్నపట్నం నుండి కాశీయాత్రకు బయలుదేరినప్పుడు వారి వెంట ఇంచుమించు నూరుమంది పరివారం ఉన్నది. పల్లకీలు, బోయీలు, డేరాలు, వంటసామాను - ఒక చిన్న ఊరే కదలిపోయినట్లు కదలి, 1831 సెప్టెంబరులో తిరిగి వచ్చినది. నేడు హైదరాబాదు నుండో విజయవాడ నుండో లడఖ్‌కు మోటారుసైకిలుపై బయలుదేరే యువకునికి పరివారం లేదు. వంటవాడు, బోయీ, బండివాడు, మరమ్మతుదారు - అందరూ తానే. ఏమి తీసుకొనిపోవలెను, ఏమి విడిచిపెట్టవలెను అన్న ప్రశ్న నాటి యాత్రికునికి మరి నలుగురు బోయీలను కుదుర్చుకొంటే తీరేది. ఇతనికి అట్లు తీరదు. కట్టుకొన్న ప్రతి మూటనూ రెండు చక్రాలు మోయవలెను. ఆ చక్రాలు బురదలో ఒరిగినప్పుడు మూటతో సహా తానే ఎత్తవలెను. దూరయాత్రల మోటారుసైకిలును గురించి చెప్పదగినదంతా నా దృష్టిలో ఈ ఒక్క విషయం చుట్టూ తిరుగుతుంది.

వ్యాపారులు ‘అడ్వెంచర్ టూరింగ్’ అని పేరుపెట్టి అమ్ముతున్న ఈ బండ్లు మన వీధులలో ఇప్పుడు తరచుగా కనబడుతున్నవి. ముందు చక్రం పెద్దది, ఇంజను నేలకు ఎత్తుగా ఉంటుంది, హ్యాండిలు వెడల్పు, పెట్రోలు టాంకి విశాలం, వెనుక ఇరుప్రక్కల పెట్టెలు తగిలించుకొనేందుకు చట్రం. తారురోడ్డుపై దినమంతా నడిపినా నడుము పట్టకూడదు, రోడ్డు అంతమైన చోట రాళ్ళలోను ఇసుకలోను కూడా పోగలగాలి - ఇవి ఈ బండి పుట్టుకకు కారణమైన రెండు కోరికలు. రెండూ ఒకదానికొకటి పొసగనివి. బరువైన బండి తారురోడ్డుపై గాలికి చలించక నిలకడగా పోతుంది; అదే బండి ఇసుకలో దిగబడుతుంది. తయారుచేసేవారైనా, కొని మార్పులు చేయించుకొనేవారైనా, ఈ రెండింటి మధ్య ఎక్కడో ఒకచోట రాజీకి రావలసినదే.

ఇట్టి బండి ఒకటి పుట్టక పూర్వమే లోకం చుట్టిన వారున్నారు. అమెరికా దేశస్థుడు కార్ల్ స్టెర్న్స్ క్లాన్సీ 1912లో డబ్లిన్ నగరంలో బయలుదేరి, నాలుగు సిలిండర్ల హెండర్సన్ బండిపై ఐరోపా, ఉత్తరాఫ్రికా తిరిగి, సింహళ చీనా జపానుల మీదుగా 1913లో న్యూయార్కు చేరినాడు. అతని తరువాతివాడైన రాబర్ట్ ఎడిసన్ ఫుల్టన్ కథ మరింత ముచ్చటైనది. వాస్తుశాస్త్రం చదువుకొన్న ఈ యువకుడు 1932లో లండనులో ఒక విందులో కూర్చుండి, ఇంటికెట్లు పోతావని ఎవరో అడిగితే, ప్రపంచమంతా మోటారుసైకిలుపై చుట్టి పోతానని అన్నాడట. డగ్లస్ మోటారుసైకిళ్ళ కార్ఖానాకు సంబంధించిన పెద్దమనిషి అదే బల్ల వద్ద ఉన్నాడు. బండి మేమిస్తామన్నాడు. అన్న మాట ఇక వెనుకకు తీసుకొనటానికి వీలు లేకపోయినది!

ఆ డగ్లస్ బండికి చేయించిన మార్పులలో ఒకటి ఇప్పటికీ గమనింపదగినది. దానికి మోటారుసైకిలు టైర్లకు మారుగా కారు టైర్లు వేయించినారు. కారు టైరు అడుగు చదునుగా ఉంటుంది. మలుపులో మోటారుసైకిలు ఒరగాలి కనుక దాని టైరు గుండ్రంగా ఉంటుంది. అందుచేత నడపటంలో ఇది నష్టమే. అయితే ఆ రోజులలో తుర్కీలోను, ఇరాకులోను, ఆఫ్ఘనిస్థానంలోను మోటారుసైకిలు టైరు దొరకటం అరుదు. కారు టైరు దొరుకుతుంది. ఫుల్టన్ ఆ దేశాల మీదుగా మన భారతదేశం, చీనా, జపాను దాటి 1933 క్రిస్మసు పండుగనాటికి న్యూయార్కు చేరినాడు. వేల అడుగుల ఫిల్ము తీసినాడు, 1937లో యాత్రాగ్రంథం ప్రకటించినాడు. తరువాతి కాలంలో కారుగా మారే విమానం ఒకటి నిర్మించిన వాడు కూడా ఇతడే. ఊహాలోకంలో అంత దూరం పోగల మనిషి తన మోటారుసైకిలు దగ్గర మాత్రం దారిలో ఏది దొరుకుతుందో దానినే లెక్కలోకి తీసుకొన్నాడు.

థెరిసా వాలక్, ఫ్లారెన్స్ బ్లెంకిరన్ అనే ఇరువురు ఆంగ్ల యువతులు 1934 డిసెంబరు 11వ తేదీన లండను విడిచి, సహారా ఎడారి మధ్యగా 1935 జూలై 29న కేప్‌టౌను చేరినారు. వారి బండి 600 సి.సి. పాంథర్. దానికి ప్రక్కబండి ఒకటి, వెనుక లాగుడుబండి ఒకటి! ఎడారి ఇసుకలో ఆ మూడింటినీ ఒక్క సిలిండరు ఇంజను లాగవలసి వచ్చినది. మార్గమధ్యంలో ఇంజను చెడి, అగాదెజ్ పట్టణంలో దానిని తిరిగి నిర్మించుకొనవలసి వచ్చినదంటే ఆశ్చర్యం లేదు. దిక్సూచి అయినా లేకుండా సహారా దాటిన వారి ధైర్యాన్ని మెచ్చుకొనని వారుండరు. వాలక్ ఇంజనీరింగు చదివిన మనిషి కనుకనే ఆ యాత్ర సాగినదని నేననుకొంటాను. బాలికల పాఠశాలలలో పనిచేసే ఉపాధ్యాయినులు ఈ కథ తరగతిలో చెప్పదగినది.

టెడ్ సైమన్ అనే పత్రికా రచయిత 1973 అక్టోబరు 6న, పశ్చిమాసియాలో యుద్ధం ఆరంభమైన దినముననే, లండనులో బయలుదేరినాడు. అతని బండి 500 సి.సి. ట్రయంఫ్, సామాన్యమైన రోడ్డు బండి. దానిపై నాలుగు సంవత్సరాలలో లక్ష కిలోమీటర్లకు పైగా తిరిగినాడు. మన దేశంలో ఒకరు అతనితో నీవు బృహస్పతివన్నారట. ఆ మాటే 1979లో వచ్చిన అతని గ్రంథానికి పేరైనది. ఆ ట్రయంఫ్ ఇప్పుడు ఇంగ్లండులోని కొవెంట్రీ రవాణా ప్రదర్శనశాలలో ఉన్నది.

ప్రత్యేకించి ఈ పనికే ఒక పెద్ద బండి 1980లో జర్మనీ నుండి వచ్చినది. బి.ఎం.డబ్ల్యు. వారి ఆర్80 జి/ఎస్. జర్మను భాషలో ఆ రెండక్షరాలలో ఒకటి మోటు నేలకు, రెండవది వీధికి సంకేతం. ఇంజను 800 సి.సి.; బరువు ఇంధనంతో కలిపి సుమారు 190 కిలోలు. వెనుక చక్రాన్ని రెండు చేతులతో కాక ఒకే చేతితో పట్టి ఉంచినారు కనుక కారు చక్రం వలె మరలు విప్పి ఇట్టే తీయవచ్చును. చైను లేదు, ఇరుసుదండం త్రిప్పుతుంది. 1981లో పారిస్-డాకర్ పందెంలో ఊబేర్ ఓరియోల్ ఈ జాతి బండిపైననే గెలిచినాడు. అంతవరకు మోటు నేలకు తేలికబండి, దూరానికి బరువుబండి అని రెండు తెగలుగా ఉన్న లోకంలో మూడవ తెగ ఇట్లు ఏర్పడినది.

ఏర్పడిన తరువాత ఏమైనది? లావెక్కినది. అదే వంశంలో 2019 నమూనాగా వచ్చిన ఆర్1250 జి.ఎస్. అడ్వెంచర్ 30 లీటర్ల టాంకి నింపితే 268 కిలోలు తూగుతుంది. తాతకంటె మనుమడు ఒక నిండు మనిషంత ఎక్కువ బరువు! సామాను ఇంకా ఎక్కించనే లేదు.

2004లో యువన్ మెక్‌గ్రెగర్, చార్లీ బూర్‌మన్ అనే నటులు ఈ వంశపు బండ్లపైననే లండను నుండి తూర్పుముఖంగా న్యూయార్కుకు పోయినారు. వారి ఛాయాగ్రాహకుడు క్లాడియో ఫాన్ ప్లాంటా మూడవ బండిపై ఉన్నాడు. మంగోలియా చేరేసరికి, పెట్టెల బరువుకు, గతుకుల దెబ్బలకు, అతని బండి చట్రం పగిలినది. వెల్డింగు చేయించినారు. వెల్డింగు విద్యుత్తు బ్రేకులను నడిపే ఎలక్ట్రానిక్ పరికరాన్ని పాడుచేసినది. చివరకు అంత ఖరీదైన యంత్రాన్ని లారీలో ఎక్కించి నగరానికి పంపి, క్లాడియోకు స్థానికంగా ఒక రష్యా బండి కొన్నారు. ఇజ్ ప్లానెటా అనే ఆ చౌకబండి కూడా దారిలో చెడినది. అయితే అది చెడిన ప్రతిసారీ బాగుచేయగల మనిషి ఆ దారిలోనే దొరికినాడు. ఇంత వినోదకరమైన పాఠం ఆ యాత్రాచిత్రంలో మరొకటి లేదు.

మన దేశపు కథ చెన్నపట్నంలో మొదలవుతుంది. సైన్యం కోరిక మేరకు 1955లో అక్కడ రాయల్ ఎన్‌ఫీల్డ్ బుల్లెట్టు తయారీ ప్రారంభమైనది. సరిహద్దు కొండలలో సైనికులను మోసిన బుల్లెట్టునే తరువాతి తరం యాత్రికులు లడఖ్‌కు తీసుకొనిపోయినారు. ఈ పనికే అని ఆ సంస్థ 2016లో ‘హిమాలయన్’ విడుదల చేసినది. ఇంజను 411 సి.సి.; శక్తి 24.5 అశ్వశక్తి మాత్రమే. ముందుచక్రం 21 అంగుళాలు, వెనుకది 17. ఇంజను అడుగుకూ నేలకూ మధ్య 220 మి.మీ. ఖాళీ, టాంకి 15 లీటర్లు, మొదట చెప్పిన బరువు 182 కిలోలు. పరదేశాల బండ్లతో పోల్చి దీని శక్తిని పరిహసించిన వారున్నారు. కాని దీని పిస్టను పోటు పొడవైనది - 78 మి.మీ. వ్యాసానికి 86 మి.మీ. పోటు. ఇంజను నెమ్మదిగా తిరుగుతున్నప్పుడే లాగుడు బలం వస్తుంది. రాళ్ళ ఎత్తులో కావలసినది అదే. 2023లో దాని స్థానంలో వచ్చిన 452 సి.సి. బండి 40 అశ్వశక్తి కలది, నీటితో చల్లబడేది, బరువు 196 కిలోలు. హీరో సంస్థవారు 2019లో తెచ్చిన 200 సి.సి. ఎక్స్‌పల్స్ 154 కిలోలే. తారురోడ్డుపై ఇది వెనుకబడుతుంది. వాగు దాటిన తరువాత ముందుంటుంది.

ముందుచక్రం ఎందుకు పెద్దదని విద్యార్థులు అడగవచ్చును. జానెడు రాయి ఎదురైనప్పుడు చిన్నచక్రం దానికి అడ్డంగా కొట్టుకొంటుంది. పెద్దచక్రం దానిపైకి ఏటవాలుగా ఎక్కుతుంది. ఎద్దుబండి చక్రం అంత పెద్దదిగా చేసిన మన వడ్రంగులకు ఇది తెలిసిన విషయమే.

ఇక మార్పుల సంగతి. మనాలీ నుండి లేహ్‌కు నాలుగు వందల కిలోమీటర్లకు పైనే. చంద్ర, భాగ నదుల సంగమమైన తాండి వద్ద పెట్రోలు బంకులో, తరువాతి బంకు 365 కిలోమీటర్ల దూరంలో ఉన్నదని తెలిపే ఫలకం మోటారుసైకిలు యాత్రికులలో మిక్కిలి ప్రసిద్ధికెక్కినది. నల్లబల్లపై లెక్క వేయండి. 15 లీటర్ల టాంకి. మైదానంలో లీటరుకు 30 కిలోమీటర్లు వస్తే 450. కనుమలలో తక్కువ గేర్లలో ఎక్కుతూ లీటరుకు 25కు దిగితే 375. మిగిలేది పది కిలోమీటర్లు. దారి తప్పితే? కొండచరియ విరిగిపడి వెనుకకు రావలసి వస్తే? అందుచేత అయిదు లీటర్ల డబ్బా ఒకటి కట్టుకొంటారు. పెట్రోలు నీటికంటె తేలిక. అయిదు లీటర్లు మూడున్నర కిలోలపైన కొంచెం. ఈ బరువుకు న్యాయమున్నది. పైగా కొంత దూరం పోయిన తరువాత దానిని టాంకిలో పోసివేయవచ్చును.

ఎంత బరువు అన్న ప్రశ్నతో పాటు ఎక్కడ అన్న ప్రశ్న కూడా ఉన్నది. పైన చెప్పిన 411 సి.సి. బండి రెండు ఇరుసుల నడిమి దూరం 1,465 మి.మీ. వెనుక ఇరుసుకు 300 మి.మీ. వెనుకగా 20 కిలోల మూట కట్టినామనుకొందాము. తులాదండ సూత్రం ప్రకారం ముందుచక్రంపై నుండి నాలుగు కిలోలకు పైగా బరువు లేచిపోతుంది. వెనుక చక్రంపై 24 కిలోలు పడుతుంది. అదే మూటను ఇరుసుకు 300 మి.మీ. ముందుగా, సీటుకు దగ్గరగా కట్టితే ముందుచక్రానికి నాలుగు కిలోలు చేరి, వెనుకకు 16 మాత్రమే మిగులుతుంది. మూట ఒకటే, బండి రెండు విధాలుగా ప్రవర్తిస్తుంది. ముందు తేలికైన బండి వేగంలో తల ఆడిస్తుంది, ఇసుకలో చెప్పిన మాట వినదు. క్యారియరు చివర మూడంతస్తులుగా సామాను కట్టుకొని పోయేవారిని చూచినప్పుడల్లా నాకు ఈ లెక్క జ్ఞాపకం వస్తుంది. బరువైన పనిముట్లు క్రిందుగా ఇంజను దగ్గర, తేలికైన బట్టలు పైన, వెనుక - పాత లారీ డ్రైవర్లు చెప్పేది కూడా ఇంతే.

అల్యూమినియం పెట్టెలా, గుడ్డసంచులా అన్నది ఈ యాత్రికులలో తెగని వాదం. పెట్టెకు తాళం ఉన్నది, వానకు తడవదు, విడిదిలో బల్లగా పనికివస్తుంది. అయితే బండి ప్రక్కకు పడినప్పుడు పెట్టె అంచుకూ నేలకూ మధ్య కాలు చిక్కితే ఎముక విరగవచ్చును. సంచి నలుగుతుంది, కాలిని విడిచిపెడుతుంది. నా ఓటు సంచులకే. ఇంజను అడుగున రాళ్ళు తగలకుండా లోహపు రేకు, బ్రేకు క్లచ్ పిడులు విరగకుండా చేతికవచాలు - ఈ రెండూ మొదట కొనవలసినవి; ఆయిలు కారిపోయిన ఇంజను, విరిగిన క్లచ్ పిడి, నూరు కిలోమీటర్ల నిర్జనప్రదేశంలో ఎట్టివో చెప్పనక్కరలేదు. అదనపు దీపాలు తగిలించేవారు ఇంజను పుట్టించే విద్యుత్తు ఎంతో ముందు చూచుకొనవలెను. లేకపోతే వెలుతురు పెరిగి బ్యాటరీ చస్తుంది. మంచుకొండల బొమ్మలు, నినాదాలు అతికించుకొనేవారి విషయం చెప్పను. వాటికి బరువు లేదు కనుక క్షమించవచ్చును.

మార్పులకు చట్టం హద్దు ఒకటున్నది. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం, తయారీదారు ఇచ్చిన వివరాలకు విరుద్ధంగా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు దీనిని మరల స్పష్టం చేసినది. సైలెన్సరు విప్పి చెవులు చిల్లులు పడేటట్లు కొండలు ఎక్కటాన్ని సాహసమని పిలిచేవారికి ఈ తీర్పు చదివి వినిపించవలెను. ఆ కొండలలో కూడా పాఠశాలలున్నవి, నిద్రపోయే పసిపిల్లలున్నారు.

నడపటం ఎట్లు? మోటు నేలపై సీటులో కూర్చుండరాదు. ఫుట్‌రెస్టులపై నిలబడి, మోకాళ్ళు కొంచెం వంచి, చేతులు బిగించక నడపవలెను. అప్పుడు బండి గతుకులో ఎగిరినా మనిషి ఎగరడు, మోకాళ్ళే స్ప్రింగులవుతవి. చూపు చక్రం ముందున్న రాయిపై పెట్టినవాడు ఆ రాయినే కొడతాడు. పోదలచిన చోట చూపు నిలపవలెను. లడఖ్ దారిలో వాగులు ఉదయాన్నే దాటవలెను. రాత్రి చలికి మంచు కరగదు కనుక ఉదయం నీరు మోకాలి క్రిందనే ఉంటుంది. ఎండ ఎక్కిన తరువాత పైన మంచు కరిగి, అపరాహ్ణానికి అదే వాగు బండిని త్రోసివేయగలదు. వాన చినుకైనా లేని దినాన సాయంకాలం వరద రావటం మన గోదావరి తీరపువాసికి వింతగా తోస్తుంది.

ఎత్తు వలన కలిగే బాధ మనిషికీ యంత్రానికీ ఒకటే. ఖార్దుంగ్ లా కనుమ ఎత్తు 5,359 మీటర్లు, అనగా 17,582 అడుగులు. చాలాకాలం అక్కడి ఫలకం 18,380 అడుగులని చెప్పి యాత్రికులను సంతోషపెట్టినది. అక్కడ గాలి ఒత్తిడి సముద్రమట్టంతో పోలిస్తే సగం. పెట్రోలు మండటానికి కావలసిన ప్రాణవాయువు కూడా అంతే కనుక 24 అశ్వశక్తుల ఇంజను 13, 14కు దిగిపోతుంది. కార్బురేటరు ఈ సంగతి తెలియక పాత కొలతలోనే పెట్రోలు పోసి నల్లపొగ విడుస్తుంది. నేటి ఫ్యూయల్ ఇంజెక్షన్ గాలిని కొలిచి పెట్రోలు తగ్గించుకొంటుంది. మనిషి దేహంలో అట్టి యంత్రమేదీ వెంటనే పనిచేయదు. లేహ్‌లో రెండు దినాలైనా విశ్రమించి, తలనొప్పి, వాంతులు మొదలైతే పైకి పోక క్రిందికి దిగవలెను. ఇక్కడ పట్టుదల ప్రాణానికే ప్రమాదం. ఇంజను శక్తి సగమైన చోట, ఊపిరి సగమైన చోట, పడిన బండిని లేపటం మైదానంలో లేపినట్లు కాదు. రెండుసార్లు ప్రయత్నించేసరికి కూలబడిపోతారు.

కనుక అనుభవజ్ఞులు బయలుదేరే ముందే ఒక పరీక్ష పెట్టుకొంటారు. సామానంతా ఎక్కించి, టాంకి నింపి, ఇంటి పెరటిలో మెత్తని నేలపై బండిని నెమ్మదిగా పడుకోబెడతారు. పెట్రోలు కారకుండా ఎక్కువసేపు ఉంచక, గేరులో ఉంచి, సీటుకు వీపు ఆనించి గొంతుకూర్చుండి, ఒక చేత హ్యాండిలు, ఒక చేత వెనుక చట్రం పట్టుకొని, నడుముతో కాక కాళ్ళ బలంతో వెనుకకు చిన్న చిన్న అడుగులు వేస్తూ లేపుతారు. ఎవరి సాయమూ తీసుకోరాదు. లేవకపోతే సంచి విప్పి ఏదో ఒకటి తీసి ప్రక్కన పెట్టి మరల ప్రయత్నిస్తారు. సాధారణంగా మొదట బయటపడేది రెండవ జత బూట్లు, తరువాత కెమెరా ముక్కాలిపీట, తరువాత పొయ్యి. టైరు విప్పే కడ్డీలు, పంక్చరు సామాను, గాలిపంపు, నీళ్ళసీసా మాత్రం ఎన్నిసార్లు విప్పినా మరల లోపలికే పోతవి.